కమర్ దర్ద్‌కు వయసొక్కటే కారణమా?



పోయిన జుమ్మాకు ఖుత్బా మొదలయ్యే ముందు ఊరికే కూర్చొని మసీదులో కుర్సీలు లెక్కపెట్టినాను. పదిహేడు ఉన్నాయి. నా చిన్నప్పుడు ఇదే మసీదులో ఒకే ఒక్క చెక్క స్టూలు ఉండేది, అది కూడా మౌజన్ సాబ్ ఎక్కి ఫ్యాన్లు తుడవడానికి. ఇప్పుడు కుడివైపు గోడ పొడుగునా తెల్ల ప్లాస్టిక్ కుర్సీలే. కూర్చునేవాళ్లంతా ముసలివాళ్లా అంటే కాదు. నాతో పాటు బడికి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు, నలభై రెండేళ్ల మనుషులు. ఒకాయన ఆటో తోలుతాడు, ఇంకొకాయనది బట్టల దుకాణం.

నా వెనక సఫ్‌లో ఉన్న పెద్దాయన గొణిగినాడు: "బజార్లో గంటసేపు నిలబడి మాట్లాడతారు, నమాజుకు మాత్రం కుర్సీ కావాల."

ఈ మాట చాలా మసీదుల్లో వినబడుతోంది. నాకు నచ్చదు. ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి.) తన జబ్బు సంగతి అడిగినప్పుడు నిలబడి చదవమని, చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చదవమని ప్రవక్త (స.అ.సం.) చెప్పిన హదీసు సహీ బుఖారీలో ఉంది. ఎవరి కమర్‌లో ఎంత దర్ద్ ఉందో వాళ్లకూ అల్లాహ్‌కూ తెలుసు. వెనక సఫ్‌లో కూర్చొని ఫత్వా ఇవ్వాల్సిన పని మనకు లేదు. నా సవాల్ వేరే. ఒక్క తరంలో ఒక్క మొహల్లాలో పదిహేడు నడుములు ఈ హాలత్‌కు ఎట్ల వచ్చినాయి? ఎవరినడిగినా ఒకటే జవాబు, "వయసు భయ్యా". నలభై రెండేళ్లకు వయసేంది?

మాది దూదేకుల కుటుంబం. ఉండేది కర్నూలు, అమ్మ పుట్టిల్లు కడప. ఇంట్లో తెలుగే. దువాలు అరబీలో, కోపమొస్తే ఉర్దూలో. మా జేజినాయన దూది ఏకి, పరుపులు కుట్టి నాయనను, చిన్నాయన్లను పెంచినాడు. పై నుంచి తాడుతో వేలాడదీసిన పెద్ద విల్లు, ఎడమచేత్తో దాన్ని పట్టుకోవడం, కుడిచేత్తో చెక్క గుండుతో నారిని కొట్టడం. ఒళ్లంతా ఒకవైపుకే తిరిగి ఉంటుంది. ఏకడం అయినాక నేల మీద వంగి దబ్బనంతో పరుపు కుట్టడం. పెద్ద ఇళ్లల్లో పెళ్లిళ్లుంటే తెల్లార్లూ అదే పని. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆయన వీపు ఆ విల్లు మాదిరే వంగిపోయి ఉంది. ఊర్లో జనం సుఖంగా పడుకునే పరుపులన్నీ ఆయన కుట్టినవే. ఆయన మాత్రం వెల్లకిలా పడుకోలేక గోడకానుకొని రాత్రులు గడిపినాడు. మేము అది వయసే అనుకున్నాం.

ఇప్పుడు ఆలోచిస్తే అది వయసు కాదు, మెహనత్ కూడా కాదు. పొలం పని చేసేవాళ్లు అంతకంటే ఎక్కువ మెహనత్ చేస్తారు. ఆయన్ను దెబ్బతీసింది ఒకే భంగిమలో గంటలు గంటలు ఉండిపోవడం. పరుపుకింత అని కూలి. లేస్తే కూలి పోతుంది. అందుకని లేచేవాడు కాదు.

వంగడం తప్పని చాలామంది అనుకుంటారు. కాదు. కమర్ ఉండేదే వంగడానికి. మనం రోజుకు ఎన్ని రుకూలు, ఎన్ని సజ్దాలు చేస్తాం! తప్పు ఎక్కడంటే వంగి అట్లే నిలిచిపోవడంలో. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. పెద్దయినాక వాటికి నేరుగా రక్తనాళాలు ఉండవు. ఒత్తిడి పడినప్పుడు నీరు బయటికి పోయి, ఒత్తిడి తగ్గినప్పుడు లోపలికి వస్తూ, ఆ రాకపోకల్లోనే వాటికి తిండి అందుతుంది. మేము దూది మనుషులం కాబట్టి నాకిది తొందరగా అర్థమైంది. తడి దూదిని నొక్కి వదిలితే మళ్లీ నీళ్లు పీల్చుకుంటుంది. నొక్కి అట్లే పట్టుకుంటే ఎండిపోతుంది. నిటారుగా కూర్చుంటే చాలు అనేది కూడా పూర్తి నిజం కాదు. నిటారుగా కూర్చొని మూడు గంటలు కదలకపోయినా నొప్పే.

ఫోన్ సంగతి చెప్పకుండా ఉండలేను, నేనే ముజ్రిమ్‌ను గనక. మొన్న కర్నూలు నుంచి కడపకు ఆర్టీసీ బస్సులో పోతూ నంద్యాల దాటినాక ఫోన్ తీసినాను. ఆళ్లగడ్డ ఎప్పుడొచ్చిందో తెలియదు. తల ఎత్తింది మైదుకూరులో. ఎత్తినాను అంటున్నాను గానీ ఎత్తలేకపోయినాను, గర్దన్ పట్టేసింది. మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. న్యూయార్కులో వెన్నెముక సర్జన్ కెన్నెత్ హంస్‌రాజ్ 2014లో లెక్క కట్టి చెప్పినాడు: తల 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని. ఇంటికి తెచ్చుకునే బియ్యం మూట 25 కిలోలు. అది కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్కే, మనిషిని తూచి చెప్పింది కాదు, దాన్ని వాట్సాప్‌లో పంపినంత గట్టిగా నేను చెప్పను. కానీ మైదుకూరులో నా గర్దన్‌కు ఏ లెక్కా అవసరం లేకపోయింది.

మగవాళ్ల ఆదత్‌లు ఇంకొన్ని ఉన్నాయి. వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకొని పొద్దస్తమానం దాని మీదే కూర్చోవడం. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను బండి మీద నుంచి ఒంటిచేత్తో, నడుము మెలితిప్పి దించడం. దుకాణంలో గద్దీ మీద ఒక పక్కకు ఒరిగి గల్లాపెట్టె చూసుకోవడం. ఇవి మానుకోవడం పెద్ద పని కాదు, పర్సు ముందు జేబులోకి మారిస్తే చాలు. అయినా మగవాళ్లకు ఒక వెసులుబాటుంది. అజాన్ అయితే లేచి మసీదుకు పోతారు, నలుగురితో నడుస్తారు, టీ తాగుతారు. వాళ్లు లేచినందుకు ఎవరూ ఏమీ అనరు. దర్ద్ ఎక్కువైతే కుర్సీ కూడా దొరుకుతుంది. మన ఇళ్లల్లో కుర్సీలను ఎవరు లెక్కపెట్టినారు?

మా అమ్మకు కమర్ దర్ద్ మొదలై పద్నాలుగేళ్లు. "పట్టేసింది నాయనా" అనేది. "మాలీష్ చేసుకోమ్మా" అని చెప్పి నేను డ్యూటీకి పోయేవాణ్ని. నాయన జండూబామ్ తెచ్చిచ్చేవాడు. మరీ ఎక్కువైతే వీధిలో సూది వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. సూది వేస్తే రెండు వారాలు తేలిగ్గా ఉండేది, మళ్లీ మొదలు. తర్వాత కాలు తిమ్మిరెక్కి చెప్పు జారిపోతున్నా తెలియని స్థితి వచ్చినప్పుడు పెద్దాసుపత్రికి తీసుకుపోయినాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ స్కానింగ్ రాయకముందే అడిగింది: "రోజుకు ఎన్ని బిందెలు మోస్తావమ్మా?"

నేను, నాయన, తమ్ముడు ముగ్గురం పక్కనే ఉన్నాం. ముగ్గురిలో ఒక్కరికి కూడా జవాబు తెలియదు.

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "పన్నెండు. ఎండాకాలం అయితే ఇంకో నాలుగు." వీధి చివర కొళాయి, మా మిద్దెకు పదకొండు మెట్లు. బిందెకు పదిహేను లీటర్లు పడుతుంది. పన్నెండు బిందెలంటే రోజుకు 180 కిలోలు. ఎప్పుడూ ఎడమ చంకనే. కుడిచెయ్యి తలుపు తీయడానికి, కొంగు సర్దుకోవడానికి కావాల గదా. అది కాక వంట, అంట్లు, నాయన తెచ్చిన పరుపు గలీబులు కుట్టడం. ముగ్గురు మగవాళ్లు ఉన్న ఇల్లు అది. మాకు నీళ్లు అవే వచ్చి డ్రమ్ములో చేరేవి.

ఇజ్తెమాల్లో ఫాతిమా (రజి.) కిస్సా చెబుతారు. తిరగలి తిప్పి తిప్పి చేతులు దెబ్బతిని, పనికి సాయం అడగడానికి నాయనగారి దగ్గరికి వెళ్లడం, ఆయన తస్బీహ్ నేర్పడం. దాన్ని మన బయాన్‌లలో ఆడవాళ్లకు సబర్ పాఠంగానే వినిపిస్తారు. నాకు ఇంకొకటి కనబడుతుంది. ఆ ఇంట్లో ఆమె చేతులకేమైందో అందరికీ తెలుసు, ఎంత తెలుసంటే పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత మనకు కూడా తెలిసింది. మా అమ్మ బిందెల లెక్క మాకు తెలియదు. ఇంట్లో ఉన్నప్పుడు ప్రవక్త (స.అ.సం.) ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారని ఆయిషా (రజి.) చెప్పిన హదీసు కూడా ఉంది. దాన్ని బయాన్‌లలో నేను తక్కువసార్లు విన్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో నడుము నొప్పితో బాధపడినవాళ్లు 61 కోట్ల 90 లక్షల మంది, వాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. మన మొహల్లాలో ఎవరూ లెక్క తీయలేదు. ఏ ఇంటికైనా పోయి "ఖాలా, తబియత్ ఎట్లుంది" అని అడిగి, ఆమె లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకుంటుందో చూడండి, చాలు.

మా వీధిలో మగ్గం వర్క్ చేసే ఆడపిల్లలున్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో పొద్దున తొమ్మిదికి ఫ్రేము ముందు కూర్చుంటే జుహర్‌కు ఒకసారి లేస్తారు, మళ్లీ మగ్రిబ్ దాకా అదే. ఆరీ సూది మొన మీద కళ్లు, గర్దన్ పూర్తిగా కిందికి. జాకెట్టుకింత అని డబ్బులు. మా జేజినాయనకు పరుపుకింత, వీళ్లకు జాకెట్టుకింత. ఇరవై రెండేళ్ల పిల్ల మెడకు పట్టీ వేసుకొని తిరుగుతోంది. పని మానేయమని చెప్పడానికి నేనెవరిని? ఆ డబ్బులతోనే తమ్ముని ఫీజు కడుతోంది. ఆ పిల్లకు ఒకటే చెప్పినాను: దారం రంగు మార్చిన ప్రతిసారీ తల పైకెత్తు, భుజాలు వెనక్కి తిప్పు, ఫ్రేము కింద నాలుగు ఇటుకలు పెట్టి కొంచెం ఎత్తు చెయ్యి. ఇటుకలు వాళ్ల అబ్బాతో పెట్టించింది. ఆర్డర్లు ఇచ్చే దుకాణం వాళ్లు మాత్రం "రేపటికల్లా కావాల" అనడం మానలేదు. అక్కడ మన బలం సరిపోదు, వాళ్లతో మాట్లాడాల్సింది పిల్లల తండ్రులు.

ఇలాజ్ విషయంలో మనం చేసేవి చూస్తే భయమేస్తుంది. మెడికల్ షాపుకు పోయి "నొప్పి గోలీ" అని చీటీ లేకుండా తెచ్చుకొని నెలలు మింగుతాం. ఆ గోలీలు రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఇంకా ఖతర్నాక్. వీధిలో వేసే సూదిలో ఏముందో అడిగే అలవాటే మనకు లేదు. స్టీరాయిడ్ అయితే షుగర్ పైకి లేస్తుంది. మా అమ్మకు అట్లే లేచింది. నడుముకు బెల్టు కొంటాం. దీర్ఘకాల నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ మామూలు వైద్యంగా వద్దని, వ్యాయామం, నొప్పి గురించి తెలుసుకోవడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. హిజామా చేయించుకునేవాళ్లు ఉన్నారు, నేనూ చేయించుకున్నాను. సున్నత్‌గా చేయించుకోండి, అల్లాహ్ షిఫా ఇస్తాడు. కానీ హిజామా అయిన మరుసటి రోజే అదే ఎడమ చంకలో అదే బిందె పెట్టుకుంటే ఏం ఫాయిదా?

ఇంకొకటి, "పడుకో, లేవొద్దు" అనడం. రెండు రోజులకు మించి మంచం పడితే కండరాలు ఇంకా బలహీనమవుతాయి, నెమ్మదిగా నడవడమే మంచిదని ఇప్పటి డాక్టర్లు చెబుతారు. అమ్మకు ఫిజియోథెరపీ ఆయన నేర్పిన కసరత్తులు నాలుగే. వాటితో పాటు ఫజర్ తర్వాత మిద్దె మీద నడక. బయట నడవడానికి మన ఆడవాళ్లకు జాగా ఏది? మైదానాలన్నీ క్రికెట్ పిల్లలవి, కాలవ గట్లు తాగేవాళ్లవి. అందుకే మిద్దె. పైన పొద్దుటి ఎండ కూడా తగులుతుంది. ఇంత ఎండ కాసే సీమలో ఉండి కూడా విటమిన్ డి తక్కువైనవాళ్లు ఎంతోమంది, ఇంట్లోనే ఉండేవాళ్లకు ఇంకా కష్టం.

పరుపు గురించి చెప్పకపోతే జేజినాయన రూహ్ ఊరుకోదు. కమర్ దర్ద్ అనగానే "కింద బండ మీద చాప వేసుకొని పడుకో" అంటారు. మన వైపు ఇళ్లల్లో కింద ఉండేది నాపబండ, గచ్చు. స్పెయిన్‌లో 313 మంది నడుము నొప్పివాళ్లను 90 రోజులు చూసి డాక్టర్లు 2003లో లాన్సెట్ పత్రికలో రాసినారు: బాగా గట్టి పరుపు మీద పడుకున్నవాళ్ల కంటే, మరీ గట్టీ మరీ మెత్తనా కాని పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గిందని. జేజినాయన ఇది చదవలేదు. "పరుపులో మనిషి మునగకూడదు, తేలకూడదు" అనేవాడు. రెండు మూడేళ్లకొకసారి విప్పి దూది మళ్లీ ఏకించుకోవాలని బతిమాలేవాడు, ఉండలు కట్టిన పరుపు నడుమును విరుస్తుందని. జనం అది బేరం కోసం చెప్పే మాట అనుకునేవాళ్లు.

అన్ని నొప్పులూ ఆదత్ వల్లే రావు, అది కూడా చెప్పాల. బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న పల్లెల్లో వెన్ను, మెడ బిగుసుకుపోతాయి. పాత మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లా పల్లెల్లో దీన్ని డాక్టర్లు 1937లోనే గుర్తించి రాసిపెట్టినారు. వెన్నుకు టీబీ కూడా వస్తుంది. నొప్పితో పాటు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నా, కాలు లేదా చెయ్యి బలం తగ్గుతున్నా, మూత్రం ఆపుకోలేకపోయినా, కూర్చునే చోట తిమ్మిరి ఉన్నా బామ్ రాసుకుంటూ కూర్చోవద్దు. అదే రోజు ఆసుపత్రికి పోవాల. కర్నూలు పెద్దాసుపత్రి ఉంది, కడపలో రిమ్స్ ఉంది. "ఇన్షా అల్లాహ్ తగ్గిపోతుంది" అని వారాలు గడిపినందుకే మా అమ్మ ఎడమ పాదంలో ఇప్పటికీ కొంచెం తిమ్మిరి మిగిలింది.

మా ఇంట్లో ఏం మారింది అంటే, కొళాయి నుంచి మెట్ల దాకా పైపు వేసినాం. ఆరు వందల రూపాయలైంది. పద్నాలుగేళ్ల దర్ద్‌కు జవాబు ఆరు వందల రూపాయల పైపు అని తెలిసినప్పుడు నాయన ఆ రోజు అన్నం సరిగా తినలేదు. మెట్ల పైకి నేను, తమ్ముడు మోస్తాం, బిందెలతో కాదు, రెండు చేతుల్లో రెండు చిన్న బకెట్లతో. మొదటి వారం పక్కింటివాళ్లు చూసి నవ్వినారు. ఇప్పుడు ఆ ఇంటి అబ్బాయి కూడా మోస్తున్నాడు, వాళ్ల అమ్మ ఏమందో మాకు తెలియదు.

పోయిన నెల వంటిల్లు కొత్తగా కట్టించినాం. గట్టుకు కడప బండ దింపినాం. మేస్త్రీ వచ్చి "గట్టు మామూలు ఎత్తేనా సార్?" అని నన్నడిగినాడు. మామూలు అంటే ఎవరి మామూలు అని నాకు అప్పుడు అనుమానమొచ్చింది. ఇన్నేళ్లూ ఆ ఎత్తుకు వంగి జొన్నరొట్టెలు తట్టింది అమ్మ, తర్వాత మా ఆమె. గట్టు మోచేతి కంటే 10, 15 సెంటీమీటర్లు కిందుంటే నడుము వంచే పని తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చి మా ఆమెను పిలిచినాను. "నన్నెందుకు, మీరే చెప్పండి" అంటూ వచ్చింది. గోడ పక్కన నిలబెట్టి మోచెయ్యి మడవమన్నాం. మేస్త్రీ బొగ్గుముక్కతో గీత గీసి, టేపు పెట్టి కొలిచినాడు. తను ఇరవై ఏళ్లుగా అందరి ఇళ్లల్లో కట్టే మామూలు కంటే అది మూడు అంగుళాలు పైన ఉంది.